డాలస్‌లో ఇల్లు కొంటున్న వరంగల్ వాళ్లకు: ముందు అటిక్ ఎక్కి చూడండి

వరంగల్, కరీంనగర్, మంచిర్యాల దిక్కు నుంచి వచ్చి డాలస్ చుట్టుపక్కల మొదటి ఇల్లు వెతుక్కుంటున్నవాళ్ల కోసం రాస్తున్నాను. తూర్పు దర్వాజ చూస్తాం, కిచెన్ చూస్తాం, స్కూల్ చూస్తాం. ఇంటి కప్పు జోలికి, దాని కింది అటిక్ (కప్పుకూ సీలింగ్‌కూ మధ్య ఉండే ఖాళీ చోటు) జోలికి పోము. స్లాబు అలవాటైన మనకు కప్పు అనేది అరిగిపోయి మార్చాల్సిన వస్తువని తోచదు.

ఇక్కడ మాత్రం అది మార్చాల్సిన వస్తువే. ఫైబర్‌గ్లాస్ పొరకు తారు పట్టించి, పైన రాతి రవ్వ అద్దితే షింగిల్, అంటే ఇక్కడి కప్పుల మీద పరిచే పలక, అవుతుంది. తారును ఎండ నుంచి కాపాడేది ఆ రవ్వే. ఏళ్ల తరబడి వేడికి తారు ఎండి పెళుసవుతుంది, అంచులు పైకి లేస్తాయి, రవ్వ రాలిపోతుంది. పెద్ద వాన వెలిశాక గట్టర్ గొట్టం నేలను తాకేచోట వంగి చూడండి. నల్ల ఇసుక లాంటిది మేట వేసి ఉంటే అది షింగిల్ రవ్వ. కొత్త కప్పుకు మొదట్లో కొంత రాలడం మామూలే. పాత కప్పుకు అదే పనిగా రాలుతుంటే దాని ఆయుష్షు దగ్గర పడ్డట్టు.

ఎండ పై నుంచి కొడితే, అటిక్‌లో నిలిచిన వేడి కింది నుంచి కాల్చుతుంది. బయట 40 డిగ్రీలుంటే లోపల 60 దాటడం ఇక్కడ వింతేం కాదు. ఊళ్లో గూనపెంకల ఇంట్లో పెంకల సందుల్లోంచి సెగ దానంతటదే పోయేది. ఇక్కడ గాలికి దారి మనమే పెట్టాలి: చూరు కింది సాఫిట్ రంధ్రాల్లోంచి లోపలికి, కొప్పు మీది రిడ్జ్ వెంట్‌లోంచి బయటికి. మామూలు లెక్క 150 చదరపు అడుగుల అటిక్‌కు 1 చదరపు అడుగు తెరపి. కింద సగం, పైన సగం సమంగా ఉంటే 300కు 1 చాలు. అంటే 1,500 చదరపు అడుగుల అటిక్‌కు 5 చదరపు అడుగులు.

ఆప్షన్ పీరియడ్‌లో (ఒప్పందం అయ్యాక కూడా కొనకుండా వెనక్కి తగ్గే వీలున్న కొద్ది రోజుల్లో) ఇన్‌స్పెక్టర్‌తో పాటు మీరూ ఎక్కండి, పొద్దున్నే, ఎండ ముదరకముందే. దూలాల మీద తప్ప కాలు వేయొద్దు, మధ్యలో ఉన్నది ఉత్త డ్రైవాల్ (సీలింగ్ జిప్సం పలక), కూలుతుంది. లైటు ఆర్పి చూరు వైపు చూడండి. సన్నని వెలుతురు గీతలు కనిపిస్తే సాఫిట్ తెరిచి ఉన్నట్టు. చాలా ఇళ్లలో ఇన్సులేషన్ దూది అక్కడిదాకా పాకి రంధ్రాలను మూసేస్తుంది. అప్పుడు పైన ఎన్ని వెంట్లున్నా దండగే. వాసాల మధ్య బాఫిల్స్ (దూది గాలి దారిని మూయకుండా ఆపే పలకలు) పెట్టిస్తే సరిపోతుంది, పెద్ద ఖర్చు కాదు. బాత్రూం ఫ్యాన్ గొట్టం అటిక్‌లోనే వదిలేసి ఉంటే అది కూడా ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో రాయించండి, ఆ తేమకు చెక్క పాడవుతుంది.

రిడ్జ్ వెంట్ ఉన్నచోట మోటారు ఫ్యాన్ పెడతామంటే ఒప్పుకోకండి. అది చూరు నుంచి కాక పక్కనున్న రిడ్జ్‌లోంచే గాలి లాగుతుంది, సీలింగ్ సందుల్లోంచి మీ ఏసీ చల్లదనాన్ని కూడా. కప్పు చెక్కకు లోపలివైపు స్ప్రే ఫోమ్ కొట్టి ఉంటే అది మూసి ఉంచాల్సిన అటిక్, దానికి రంధ్రాలు పెట్టకూడదు.

వెంట్లు బాగుంటే కప్పు రెండింతలు మన్నుతుందని చెప్పేవాళ్లను నేను నమ్మను. షింగిల్ వేడిని ఎక్కువగా తేల్చేది దాని రంగు. నల్లటిదాని కంటే లేత రంగుది తక్కువ కాలుతుంది. అయినా వెంటిలేషన్ సరిగా లేదని తయారీదారు వారంటీ తగ్గించే వీలుంది. అందుకే కప్పు మార్పించేటప్పుడు కింద ఎంత తెరపి, పైన ఎంత తెరపి అన్నది కొటేషన్‌లో అంకెలతో రాయించుకోండి.

వడగళ్లు పడ్డ మర్నాడే తలుపు తట్టే కప్పు కాంట్రాక్టర్లుంటారు. ఇన్సూరెన్స్ డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో మీరు చేతి నుంచి కట్టాల్సిన వాటా) మేమే చూసుకుంటాం అంటారు. టెక్సస్‌లో 2019 సెప్టెంబర్ నుంచి అలా మాఫీ చేయడం నేరం. గడపలో నిలబడి ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.