మన కారు మనమే చూసుకుందాం – 3వ పాఠం: గరగర ఎక్కడి నుంచి?

పోయిన పాఠంలో జాకీ ఎక్కడ పెట్టాలో, చక్రం ఎలా విప్పాలో నేర్చుకున్నాం. ఆ పని ఇంటి దగ్గర ఒక్కసారైనా చేసి చూశాకే ఈ పాఠం రెండో సగంలోకి రండి. మొదటి సగానికి పానాలు అక్కర్లేదు, చెవులు చాలు.

ఒకసారి కళింగపట్నం వెళ్లి శ్రీకాకుళం తిరిగొస్తుంటే నా కారు ముందు ఎడమ చక్రం దగ్గర ఇనుము రాసుకుంటున్నట్టు గరగరమని చప్పుడు మొదలైంది. ఒక షెడ్డులో చూపిస్తే చక్రం విప్పకుండానే బేరింగ్ పోయిందన్నారు. మార్పించాను. మర్నాడు కూడా అదే చప్పుడు. చివరికి ఇంటి ముందు నేనే చక్రం విప్పి చూస్తే, బ్రేక్ డిస్కుకీ (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం), దాని వెనక ఉండే పల్చటి రేకుకీ మధ్య శనగగింజంత గ్రావెల్ రాయి ఇరుక్కుని ఉంది. స్క్రూడ్రైవర్‌తో రేకును కాస్త వంచగానే రాలిపడింది. "చప్పుడు ఎప్పుడెప్పుడు వస్తోంది?" అని ఆ రోజు ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. ఈ పాఠానికి ఆ ప్రశ్నే ప్రాణం.

ముందు బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో ఆక్సిలరేటర్ తొక్కండి. గరగర అప్పుడే వస్తే చక్రాల జోలికి వెళ్లనక్కర్లేదు. ఆల్టర్నేటర్, వాటర్ పంపు, ఏసీ కంప్రెసర్‌లలో ఏదో ఒక బేరింగ్ అయి ఉండొచ్చు. క్లచ్ తొక్కినప్పుడు మాత్రమే వస్తే క్లచ్ రిలీజ్ బేరింగ్‌ను అనుమానించాలి. సెల్ఫ్ కొట్టినప్పుడు మాత్రమే వస్తే స్టార్టర్ పళ్లు. వీటి సంగతి ఐదో పాఠంలో.

నిలబడినప్పుడు రాకపోతే రోడ్డెక్కుదాం. హైవే మీద వద్దు, లారీల హోరులో ఏమీ వినపడదు. పొద్దున్నే ఖాళీగా ఉండే ఊరి రోడ్డు మంచిది. పక్కన పొడవాటి ప్రహరీ గోడ ఉంటే ఇంకా మంచిది. అద్దాలు దించి గోడ పక్కన 20, 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తే చప్పుడు గోడకు తగిలి చెవికి స్పష్టంగా వస్తుంది. ఎడమ వైపు ఒకసారి, వెనక్కి తిరిగి కుడి వైపు ఒకసారి వినండి.

ఇప్పుడు మెల్లగా బ్రేక్ తొక్కండి. గరగర అప్పుడే పుడితే, లేదా పెరిగితే, అది బ్రేకుల్లోనే ఉంది. బ్రేక్‌తో సంబంధం లేకుండా వేగం పెరిగేకొద్దీ దూరాన లారీ వస్తున్నట్టు 'గూ' మంటూ పెరిగితే చక్రం బేరింగ్ కావచ్చు. దాన్ని తేల్చుకోవడానికి మలుపులు పనికొస్తాయి. కుడికి తిరిగేటప్పుడు బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది కాబట్టి అప్పుడు చప్పుడు పెరిగితే ఎడమ బేరింగ్‌ను అనుమానించాలి. ఎడమకి తిరిగితే కుడిది. అరిగిన టైరు కూడా అలాగే మోగుతుంది. కాకపోతే తారు రోడ్డు దాటి సిమెంటు రోడ్డు ఎక్కగానే టైరు చప్పుడు మారిపోతుంది, బేరింగ్‌ది మారదు.

మన తీరంలో ఉండేవాళ్లకి ఒక మాట. వాన పడిన రాత్రి, ఉప్పుగాలిలో బండి బయట పెడితే పొద్దున్నకి డిస్కుల మీద ఎర్రటి తుప్పు పొర కడుతుంది. బండి తీయగానే గరగరమంటుంది. నాలుగైదుసార్లు బ్రేక్ పడగానే పోతే దాని గురించి టెన్షన్ పడొద్దు.

బ్రేకే అని తేలితే వాయిదా వేయొద్దు. బ్రేక్ తొక్కితే డిస్కును రెండు వైపులా నొక్కి ఆపేవి ప్యాడ్లు. చాలా ప్యాడ్లకు చిన్న రేకు నాలుక ఒకటి ఉంటుంది. ప్యాడ్ అరిగిపోవస్తుంటే అది డిస్కుకి తగిలి కీచుమంటుంది, అది హెచ్చరిక. దాన్ని పట్టించుకోకపోతే మందం పూర్తిగా పోయి, వెనక ఇనుప పలక డిస్కును గీరుతుంది. ఆ గరగరతో కోరాపుట్ నుంచి సాలూరు ఘాట్ దిగడం ప్రాణాలతో చెలగాటం. బండి అక్కడే ఆపేయండి.

ఇక విప్పుదాం. చదునైన నేల, వెనక చక్రాలకు అడ్డంగా రాళ్లు, హ్యాండ్ బ్రేక్. జాకీ ఒక్కదాన్నే నమ్మి పని చేయొద్దు, కింద స్టాండు తప్పనిసరి. చక్రం తీశాక మొదట డిస్కుకీ రేకుకీ మధ్య రాయి ఉందేమో టార్చితో చూడండి. తర్వాత ప్యాడ్ మందం. కొత్తది సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది, 3కి వస్తే మార్చాల్సిందే. లోపలి ప్యాడ్‌ను కూడా చూడండి, చాలాసార్లు అదే ముందు అరుగుతుంది. డిస్కు మీద గోరు పట్టేంత గాట్లు ఉంటే దాని మందం కొలిపించాలి. ఎంతకు తగ్గకూడదో సాధారణంగా డిస్కు మీదే ముద్రించి ఉంటుంది.

ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం క్యాలిపర్. దాని కింది బోల్టు విప్పి పైకి తిప్పితే ప్యాడ్లు చేతికి వస్తాయి. చాలా కార్లకి ఇంతే. క్యాలిపర్ మొత్తం తీయాల్సి వస్తే తీగతో కట్టండి, బ్రేక్ గొట్టం మీద వేలాడనివ్వొద్దు. కొత్త ప్యాడ్లు పట్టేలా, క్యాలిపర్‌లో ప్యాడ్‌ను నెట్టే పిస్టన్‌ను సీ క్లాంపుతో ('C' ఆకారంలో ఉండే బిగింపు పనిముట్టు) మెల్లగా లోపలికి నొక్కండి. అప్పుడు బానెట్ కింద ఉండే డబ్బాలో బ్రేక్ ఆయిల్ మట్టం పెరుగుతుంది. పొంగి పెయింటు మీద పడితే పెయింటు పోతుంది, వెంటనే నీళ్లతో కడగాలి. క్యాలిపర్ జారే పిన్నులు చేత్తో లాగితే సులువుగా కదలాలి. బిగుసుకుంటే తుడిచి, బ్రేకుల కోసం అమ్మే గ్రీజే రాయండి. ఒక చక్రం ప్యాడ్లు పోయినా ఎడమ, కుడి రెండు చక్రాలకూ మార్చండి, లేకపోతే బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది.

చక్రం బిగించాక బండి కదపకముందే బ్రేక్ పెడల్‌ను గట్టిపడేవరకు తొక్కండి. ఇది మర్చిపోతే మొదటి తొక్కుకి పెడల్ నేలకి దిగిపోతుంది, బండి ఆగదు. ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 10 కిలోమీటర్ల వేగానికి మెల్లగా తగ్గిస్తూ పదిసార్లు బ్రేక్ వేసి, మధ్యమధ్య చల్లారనివ్వండి. ప్యాడ్ డిస్కుకి కుదురుకుంటుంది.

వచ్చే పాఠం బేరింగ్‌ది. ఆలోగా మీ కారు ముందు రెండు చక్రాల ప్యాడ్ల మందం, లోపలిదీ బయటిదీ, కొలిచి కాగితం మీద రాసి పెట్టుకోండి.