తిరస్కరించు, నిరాకరించు, కొట్టివేయు: ఏది ఎక్కడ రాయాలి

అప్పీలు లెటర్లు, వార్తలు రాసేవాళ్లకి ఇది పనికొస్తుంది. మన ముందుకి వచ్చినదాన్ని, అంటే దరఖాస్తో నామినేషనో రాజీనామానో, పరిశీలించి ఒప్పుకోకపోతే అది తిరస్కరించడం. రిటర్నింగ్ అధికారి నామినేషన్‌ని తిరస్కరిస్తారు, కానీ అభ్యర్థి తనే వెనక్కి తీసుకుంటే అది ఉపసంహరణ, ఈ రెండూ కలిపేస్తే అర్థమే మారిపోతుంది. మనం ఇవ్వాల్సినదో చేయాల్సినదో కుదరదంటే నిరాకరించడం, అందుకే బెయిల్ ఇవ్వడానికి నిరాకరించింది, మాట్లాడటానికి నిరాకరించారు అంటాం. కోర్టు పిటిషన్‌ని కొట్టివేస్తుంది, అందులోని వాదనని తోసిపుచ్చుతుంది. సభలో తీర్మానం ఓడితే వీగిపోయింది అంటే చాలు.

ఇంకోటి, "తిరస్కరించబడినది" అని దయచేసి రాయకండి, ఎవరు తిరస్కరించారో అందులో కనపడదు, "ఫలానా అధికారి ఫలానా తేదీన నా దరఖాస్తును తిరస్కరించారు" అని రాస్తే మీ అప్పీలు చదివేవాళ్లకి విషయం మొదటి లైన్లోనే తెలిసిపోతుంది.

ముఖ్యంగా సమాచార హక్కు దరఖాస్తు పెట్టినవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. 2005 చట్టం సెక్షన్ 7(8) ప్రకారం తిరస్కరించామని ఒక్క ముక్క రాసి పంపితే సరిపోదు, కారణం, అప్పీలు గడువు, ఏ అధికారికి అప్పీలు చేయాలో ఆ వివరాలు కూడా అందులో ఉండాలి. అవి లేకపోతే ఆ మాటే మీ మొదటి అప్పీలులో రాయండి, జవాబు అందిన 30 రోజుల్లోపు పంపండి.