చిన్నపేగు స్లైడ్‌లో ముందు ఎక్కడ చూడాలి

గుంటూరు మెడికల్ కాలేజీలో కొత్తగా చేరిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, హిస్టాలజీ స్పాటర్‌లో (మైక్రోస్కోప్‌లో కణజాల స్లైడ్ చూసి గుర్తుపట్టే పరీక్షలో) విల్లై, అంటే పేగు లోపలి గోడ మీద వేళ్లలా పొడుచుకొచ్చిన భాగాలు, కనబడగానే ఆగిపోకండి. అవి చిన్నపేగు మూడు భాగాల్లోనూ (మొదట డుయోడినమ్, మధ్యలో జెజునమ్, చివర ఇలియమ్) ఉంటాయి. చూపు నేరుగా సబ్‌మ్యుకోసా (లోపలి పొర మ్యుకోసాకి కింద ఉండే పొర) మీదికి పోవాలి. అక్కడ లేత రంగులో బ్రన్నర్ గ్రంథులు గుంపుగా ఉంటే డుయోడినమ్. ముదురు ఊదారంగు లింఫాయిడ్ (రోగనిరోధక కణాల) ముద్దలు పక్కపక్కనే ఉంటే అవి పేయర్స్ ప్యాచెస్, అంటే ఇలియమ్. ఈ ముద్దలు పైన మ్యుకోసా నుంచే కిందికి దిగుతాయి, అది గమనిస్తే గ్రంథులతో పొరబడరు. రెండూ లేకపోతే జెజునమ్ అని రాసేయండి.

విల్లై అసలే లేకుండా గోబ్లెట్ కణాలు (జిగురు స్రవించేవి) కిక్కిరిసి ఉంటే పెద్దపేగు.

టెన్షన్‌లో వెంటనే మైక్రోస్కోప్ 40ఎక్స్ లెన్స్‌కి వెళ్లొద్దు. 4ఎక్స్‌లో స్లైడ్ మొత్తం ఒకసారి తిప్పి చూడండి, గ్రంథులు ఏదో ఒక మూలనే ఉండొచ్చు.