1899 నాటి ఫుట్‌బాల్ సీజన్‌ని స్కోర్ల పట్టీ నుంచి చదవడం ఎలా

పాత స్కోర్లు తిరగేసే పిచ్చి నాకు క్రికెట్‌తో పట్టుకుని అమెరికన్ ఫుట్‌బాల్ దాకా పాకింది. పెద్ద యూనివర్సిటీల గురించి ఇప్పటికే బోలెడు రాశారు కాబట్టి వాటి జోలికి పోను. చిన్న కాలేజీల సీజన్లే నాకిష్టం. ఒక పేజీ, పదో పన్నెండో వరుసలు, తేదీ, ఊరు, ప్రత్యర్థి, రెండు అంకెలు. ఇంతకుమించి ఏమీ ఉండదు. అందులోంచి ఆటని ఎలా బయటికి లాగాలో చెప్తాను. పెన్సిల్ తీసుకోండి. పెన్ను మాత్రం వద్దు.

ఉదాహరణకి టెనెసీ రాష్ట్రంలో కొండమీదున్న యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్‌ని తీసుకుందాం. అందరూ సువానీ అనే పిలుస్తారు. 1899లో వీళ్లు 12 మ్యాచ్‌లు ఆడి 12 గెలిచారు. మొత్తం 322 పాయింట్లు చేసి, 10 ఇచ్చారు.

ముందు పేజీ పైన ఆ ఏడాది పాయింట్ల లెక్క రాసుకోండి. ఇది మానేస్తే మిగతా పనంతా దండగ. 1899లో టచ్‌డౌన్‌కి (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించడం) 5, దాని తర్వాత కొట్టే గోల్‌కి (బంతిని గోల్ స్తంభాల మధ్యలోంచి తన్నడం) 1, ఫీల్డ్ గోల్‌కి (టచ్‌డౌన్ లేకుండానే ఆటలోంచి అలా తన్నడం) 5, సేఫ్టీకి (ప్రత్యర్థిని వాళ్ల సొంత గోల్ గీత వెనకే బంతితో ఆపేయడం) 2. టచ్‌డౌన్‌కి 6 వచ్చింది 1912లోనే. నేను మొదటిసారి ఈ పట్టీ పట్టినప్పుడు ఇవాళ్టి లెక్కే వేశాను. టెక్సస్ మీద 12-0 అని ఉంది. రెండు ఆర్లు పన్నెండు, అంటే రెండు టచ్‌డౌన్లు చేసి రెండు కిక్కులూ పోగొట్టుకున్నారు, కిక్కర్ బొత్తిగా పనికిరానివాడు అని నోట్‌బుక్‌లో రాసేశాను. పెన్నుతో! ఆనాటి లెక్కలో 12 అంటే మామూలుగా రెండు టచ్‌డౌన్లు, రెండు గోల్స్. అంటే నేను తిట్టిపోసిన కిక్కర్ ఆ రోజు ఒక్కటీ తప్పలేదన్నమాట. అంకె ఒకటే, కథ పూర్తిగా తిరగబడింది.

తర్వాత ప్రతి స్కోరునీ విడగొట్టండి. 23 అంటే నాలుగు అయిదులు, మూడు ఒకట్లు. 34 అంటే ఆరు అయిదులు, నాలుగు ఒకట్లు. సేఫ్టీలు ఉంటే లెక్క మారుతుంది, పక్కన చిన్న గుర్తు పెట్టుకోండి. ఆ ఒకట్లని చులకన చేయకండి. గీత మీద ఎక్కడ టచ్‌డౌన్ చేశారో ఆ చోటికి ఎదురుగానే వెనక్కొచ్చి గోల్ కొట్టాలి. మూలలో టచ్‌డౌన్ చేస్తే కోణం ఘోరంగా ఉంటుంది. ఆబర్న్‌తో మ్యాచ్ 11-10 చూడండి. సువానీ మీద ఆ ఏడాది పాయింట్లు చేసింది ఆబర్న్ ఒక్కటే. రెండు వైపులా రెండేసి అయిదులు, సువానీకి ఒక్క గోల్ ఎక్కువ. పన్నెండుకి పన్నెండు అన్న రికార్డు మొత్తం ఆ ఒక్క తన్ను మీద నిలబడి ఉంది.

ఇక తేదీలు. ఇక్కడ పాత క్యాలెండర్ తెరిచి వారాలు కూడా రాయాలి. నవంబర్ 9 గురువారం ఆస్టిన్‌లో టెక్సస్, 12-0. శుక్రవారం హ్యూస్టన్‌లో టెక్సస్ ఏ అండ్ ఎమ్, 10-0. శనివారం న్యూ ఆర్లియన్స్‌లో టులేన్, 23-0. సోమవారం బేటన్ రూజ్‌లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ), 34-0. మంగళవారం మెంఫిస్‌లో ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ), 12-0. ఆరు రోజుల్లో అయిదు మ్యాచ్‌లు! మధ్యలో ఖాళీగా ఉన్నది ఆదివారం, పైగా ఇది చర్చి నడిపే కాలేజీ. పక్కనే పాత రైల్వే మ్యాప్ పెట్టుకుంటే రాత్రుళ్లు ఎక్కడ గడిచాయో అర్థమైపోతుంది, రైల్లోనే. రానూపోనూ సుమారు 2,500 మైళ్లు.

ఆట ఎలా ఉండేదో గుర్తుంచుకుని ఈ వరుసలు చదవండి. ఫార్వర్డ్ పాస్, అంటే బంతిని ముందుకి విసరడం, లేదు, అది 1906లో వచ్చింది. మూడు డౌన్లలో, అంటే మూడు ప్రయత్నాల్లో, 5 గజాలు పోవాలి, కాబట్టి మూకుమ్మడిగా గుద్దుకుంటూ పోవడమే. అలాంటి ఆట మూడు రోజులు వరసగా ఆడారు. ఒళ్లు హూనం కాకుండా ఎలా ఉంటుంది?

పట్టీలో లేని పేర్లు కూడా చూడాలి. వాండర్‌బిల్ట్ పక్కనే ఉన్న పాత ప్రత్యర్థి, ఆ ఏడు కనబడదు. గేటు డబ్బుల పంపకం దగ్గర పేచీ వచ్చి ఆ మ్యాచ్ పోయింది. ఆ లోటు పూడ్చడానికే సువానీ జట్టు మేనేజర్ ల్యూక్ లీ ఈ రైలు యాత్ర కట్టాడని చెప్తారు. ఈయన తర్వాత అమెరికా సెనేటర్ కూడా అయ్యాడు.

ప్రత్యర్థుల పేర్లతో తొందరపడకండి. 54-0తో ఓడిన సౌత్‌వెస్టర్న్ ప్రెస్బిటేరియన్ యూనివర్సిటీ కోసం ఇప్పుడు వెతికితే ఆ పేరుతో దొరకదు, అదే నేటి రోడ్స్ కాలేజీ. 71-0తో ఓడిన కంబర్లండ్ మాత్రం 1916లో జార్జియా టెక్ చేతిలో 222-0తో ఓడింది, పాపం.

చివరి వరుస: డిసెంబర్ 2, అట్లాంటా, నార్త్ కరోలినా మీద 5-0. ఇక్కడే పెన్సిల్ పని. అది గోల్ తప్పిన టచ్‌డౌన్ కావచ్చు, ఫీల్డ్ గోల్ కావచ్చు, అంకె చూస్తే తేలదు. ప్రశ్నార్థకం పెట్టి, మర్నాటి ఆదివారం అట్లాంటా పేపర్ల పాత ప్రతులు దొరికేదాకా ఆ వరుసని అలాగే వదిలేయండి.