పాత ఎంజీ టీడీ బేరానికొస్తే: ఏది అసలు, ఏది అతుకు

బరంపురం, పర్లాకిమిడి, జయపురం వైపు ఏ పాత షెడ్డులోంచో ఎంజీ టీడీ (1950ల నాటి బ్రిటిష్ ఓపెన్ స్పోర్ట్స్ కారు) బయటపడిందంటే ముందు చూడాల్సింది రంగు కాదు. 2021 కేంద్ర నిబంధనల కింద పాతకాలపు (వింటేజ్) బళ్లకిచ్చే ‘వీఏ’ సిరీస్ నెంబరు కావాలంటే మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి, చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. అందుకే అతుకుల లెక్క కొనకముందే తేల్చుకోవాలి.

చాసిస్ నెంబరు ముందువైపు పొడుచుకొచ్చిన చాసిస్ ఎడమ కొమ్ము మీద కొట్టి ఉంటుంది. పెయింట్ మందంగా ఉంటే రిమూవర్ రాసి ఇత్తడి బ్రష్‌తో గీకండి. గ్రైండర్ పెడితే రంగుతో పాటు అంకెలూ పోతాయి. టార్చి ఏటవాలుగా వేస్తే అరిగిన అంకె కూడా తేలుతుంది. టీడీ లెక్క 0251తో మొదలవుతుంది (ఫ్యాక్టరీ ఫోన్ నెంబరు 251 మరి!), మొత్తం తయారైనవి 29,664. నెంబరు 0251కి తక్కువ గానీ, 29915 దాటి గానీ ఉంటే బేరం అక్కడే ఆపేయండి. చాసిస్ నెంబరు 21303కి ముందు బండికి వెనక గుండ్రటి లైట్లుంటే అవి తర్వాత బిగించినవే.

ఇంజన్ నెంబరు రివెట్లతో బిగించిన ఎనిమిది మూలల ఇత్తడి బిళ్ల మీద ఉంటుంది. బిళ్ల ఊడదీసి వేరే ఇంజన్‌కి కొట్టడం పెద్ద పనేం కాదు, కాబట్టి రివెట్ల తలలు కొత్తగా మెరుస్తున్నాయేమో చూడండి. ఇంజన్ నెంబరు ‘టీడీ2’ 9408 నుంచి క్లచ్ ప్లేటు 8 అంగుళాలు, అంతకుముందు ఏడుంపావు.

అసలు గుట్టు బోల్టుల్లో ఉంది. ఈ ఇంజన్‌కి త్రెడ్డు మెట్రిక్, తల మాత్రం విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలత. 8 మిల్లీ బోల్టు తల సుమారు 13.3 మిల్లీ, కాబట్టి 13 పానా దాని మీద కూర్చోదు, 14ది వదులు. 13 పానా చక్కగా దిగిందంటే అది బజారు బోల్టే. అసలు త్రెడ్డు పిచ్ (చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం) 1.0 మిల్లీ, బజారులో దొరికేది 1.25. రెండు చుట్లు చేత్తో తిరిగి బిగుస్తుంది, ఆపైన పానాతో బలవంతంగా తిప్పితే బ్లాకు త్రెడ్డే పోతుంది. అనుమానమొచ్చిన ప్రతి రంధ్రంలోనూ పిచ్ గేజ్ పెట్టి చూడాల్సిందే.

ప్లగ్గులు కూడా ఇలాంటి చిక్కే. పాత హెడ్డుకి అర అంగుళం పొడుగు త్రెడ్డు, తర్వాతి హెడ్డుకి ముప్పావు. పొడుగు ప్లగ్గు పాత హెడ్డులో వేస్తే లోపలికి పొడుచుకొచ్చి పిస్టన్‌కి తగలొచ్చు. పొట్టిది కొత్త హెడ్డులో వేస్తే ఖాళీ త్రెడ్డులో మసి పేరుకుంటుంది.

వెనక యాక్సిల్ విప్పక్కర్లేదు. ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వదిలి, ఒక్క వెనక చక్రమే జాకీ మీద లేపండి. గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి వెళ్లే షాఫ్ట్ మీద సుద్దతో గీత గీసి చక్రం సరిగ్గా 8 చుట్లు తిప్పండి. షాఫ్ట్ ఇరవైన్నర చుట్లు తిరిగితే అసలుది. పంతొమ్మిదిన్నర అయితే టీడీలోనే మార్క్ 2 రకానిది. 17 దాటి కాస్త తిరిగి ఆగితే తర్వాతి మోడల్ ఎంజీఏ కారు క్రౌన్ (యాక్సిల్ లోపలి పెద్ద పళ్లచక్రం) ఎక్కించారన్నమాట; నడపడానికి హాయే గానీ అసలుది మాత్రం కాదు.

ఇక బాడీ. రేకు కింద చట్రం యాష్ అనే చెట్టు చెక్క, లేత రంగులో ఉంటుంది. గోపాల్‌పూర్ ఉప్పుగాలి తిన్న బళ్లలో తలుపు బందుల దగ్గరే ముందు కుళ్లుతుంది. అక్కడ గోధుమరంగు టేకు కనిపిస్తే స్థానిక వడ్రంగి చెయ్యి పడిందనే అర్థం. పని గట్టిగా ఉంటే బండి వదులుకోనక్కర్లేదు, ధర మాత్రం తగ్గించి అడగండి.