భయం ఏమంటోందో రాసుకోండి, తర్వాత వెళ్లి చూడండి

చిన్నప్పుడు ఒకసారి కాలు జారి లోతు నీళ్లలో పడ్డాను. పైకి లాగిందెవరో గుర్తులేదు. ముక్కులోకి నీళ్లెక్కిన మంట మాత్రం ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత 30 ఏళ్లు నీళ్ల జోలికి పోలేదు. నా కూతురు ఈత నేర్చుకుంటుంటే గట్టున కూర్చుని, ‘దీనికేమైనా అయితే నేను దూకనైనా దూకలేను కదా’ అనుకున్నాను. ఆ మర్నాడే, 38వ ఏట, ఈతలో చేరాను.

భయం పోయాక మొదలుపెడదామని ఇంతకాలం ఆగడమే నేను చేసిన పొరపాటు. తప్పించుకున్న ప్రతిసారీ ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ హాయి వల్లే, తప్పించుకున్నాం కాబట్టే బతికామని మెదడు నమ్ముతుంది. మరుసటిసారి ఇంకా ఎక్కువ భయపెడుతుంది.

ముందు భయాన్ని మెట్లుగా విడగొట్టండి. ఇది పాత పద్ధతే. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త, కుందేలంటే బెదిరిపోయే పీటర్ అనే పసివాడి విషయం రాశారు. వాడు ఇష్టమైనది తింటుండగా కుందేలును కొంచెం కొంచెం దగ్గరికి తెస్తూ భయం పోగొట్టారు. మీరూ ఒక్కో మెట్టు ఎంత భయపెడుతుందో 0 నుంచి 100 దాకా మార్కు వేసుకోండి. నా లెక్కలో కాళ్లు నీళ్లలో పెట్టడం 20, ఛాతీ లోతులో నిలబడటం 50, మొహం ముంచడం 70, కాళ్లు అందని చోటికి వెళ్లడం 100. మరీ తేలికైన మెట్టు దగ్గరే ఆగిపోకండి. కాస్త గుండె దడ పుట్టించేదాన్ని ఎంచుకోండి.

ఇక అసలు పని. నోట్‌బుక్ పేజీని రెండుగా మడవండి. ఎడమవైపు ఏం జరుగుతుందని భయపడుతున్నారో రాయండి. ‘ఏదో అయిపోతుంది’ అని రాస్తే సరిచూడలేం. నేను ‘మొహం ముంచితే 5 సెకన్లలో ఊపిరాడక స్పృహ తప్పుతుంది’ అని రాశాను. ఆ రోజు 12 దాకా లెక్కపెట్టి తల ఎత్తాను. దగ్గొచ్చింది, ముక్కు మండింది, స్పృహ తప్పలేదు. కుడివైపు అదే రాశాను.

గుండె దడదడలాడుతుంది, చేతులు చల్లబడతాయి. అది భయపడినప్పుడు ఒంట్లో విడుదలయ్యే అడ్రినలిన్ అనే హార్మోన్ చేసే పని. ఊపిరి నిదానంగా, పొడుగ్గా వదలండి. దడ బాగా ఉన్నప్పుడే బయటికి వచ్చేస్తే పారిపోవడమే మళ్లీ అలవాటవుతుంది.

నేను రెండు వారాలు ఒక చేత్తో గట్టు పక్కనున్న కడ్డీ పట్టుకునే అన్నీ చేశాను. మార్కు తగ్గలేదు. ‘మేడమ్, మీరు కడ్డీని నమ్ముతున్నారు, నీళ్లను కాదు’ అన్నారు మా కోచ్. నిజమే, క్షేమంగా ఉన్న ప్రతిసారీ అది కడ్డీ పుణ్యమే అనుకున్నాను. వదిలేసిన వారంలోనే 70 కాస్తా 40 అయింది. మీరు పట్టుకున్న కడ్డీ ఏదో వెతకండి. మీటింగ్‌లో మాట్లాడాలంటే భయపడేవాళ్లకు అది చేతిలోని కాగితం కావచ్చు, ‘నువ్వే చెప్పు’ అని వాళ్లు ముందుకు తోసే స్నేహితుడు కావచ్చు.

అయితే ప్రతి భయమూ అబద్ధం కాదు. ఒంటరిగా లోతుకు వెళ్లొద్దని భయం చెబితే వినండి. నేను ఇప్పటికీ ఎవరూ లేనప్పుడు నీళ్లలోకి దిగను.

ఉద్యోగం మానేసి సొంతంగా అనువాదాలు చేయాలనుకున్నప్పుడూ ఆ నోట్‌బుక్కే తీశాను. ఇక్కడ ఇంకో మూడు ప్రశ్నలు కలపాలి. దాచుకున్న డబ్బు ఎన్ని నెలలొస్తుంది? కుదరకపోతే వెనక్కి రావచ్చా? ఏ తేదీ దాకా చూసి ఆపేయాలి? ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టుకుని జవాబులు రాయండి, నష్టం వస్తే వాళ్లకీ తగులుతుంది. నేను ఆరు నెలలు సాయంత్రాలు మాత్రమే చేసి చూశాను. ‘ఎవరూ పని ఇవ్వరు’ అని రాసుకున్నాను, ఏడుగురిని అడిగితే ముగ్గురు ఇచ్చారు. ‘డబ్బు ఎగ్గొడతారు’ అని కూడా రాశాను. ఒకరు నిజంగానే ఎగ్గొట్టారు. అదీ కుడివైపు రాశాను, అప్పటి నుంచి సగం ముందే తీసుకుంటున్నాను.

నెలల తరబడి నిద్ర పట్టకపోయినా, పాత గాయం పదేపదే కళ్లముందుకొస్తున్నా ఒంటరిగా ప్రయత్నించకండి, సైకాలజిస్టును కలవండి.

ఈ వారం నా పేజీలో ఎడమవైపు ఇలా ఉంది: ‘నాలుగేళ్లుగా మాటల్లేని అన్నయ్యకు ఫోన్ చేస్తే, నా గొంతు వినగానే పెట్టేస్తాడు. మార్కు 85.’ ఆదివారం ఉదయం పదింటికి చేస్తున్నాను.