టీవీలో యాప్ తీసేసినా డబ్బు కట్ అవుతోందా?

ఓటీటీ యాప్ డిలీట్ చేసినా నెల తిరిగేసరికి ఖాతాలోంచి డబ్బు పోతూనే ఉంటుంది. సంక్రాంతికి వచ్చిన పిల్లలు గుంటూరులో అత్తయ్యగారి టీవీకి పెట్టించి వెళ్లిన ప్లాన్‌ను మొన్న ఇలా ఆపాం.

రిమోట్‌తో కుస్తీ పట్టొద్దు. డబ్బు ఏ దారిన కట్టారో ఆ దారిలోనే ఆపాలి. ముందు బ్యాంకు మెసేజ్ చూడండి. గూగుల్ ప్లే అని ఉంటే ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపు ఫొటో నొక్కి, ‘పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్’లోకి వెళ్లి క్యాన్సిల్ కొట్టాలి. ఐఫోన్‌లో కట్టి ఉంటే సెట్టింగ్స్‌లో పైన మన పేరు నొక్కగానే సబ్‌స్క్రిప్షన్స్ కనిపిస్తాయి. రెన్యువల్‌కు కనీసం 24 గంటల ముందే ఆపాలి. ఓటీటీ పేరే ఉంటే వాళ్ల వెబ్‌సైట్‌లో అకౌంట్ పేజీ. ఏ ఫోన్‌లోనైనా చేయొచ్చు గానీ, కట్టినప్పటి ఈమెయిల్‌తోనో ఫోన్ నంబర్‌తోనో లాగిన్ అవ్వాలి. ఇంట్లో ముగ్గురికి మూడు జీమెయిల్స్ ఉంటాయి కదా, అసలు తంటా అక్కడే! యూపీఐతో కట్టి ఉంటే ఆ యూపీఐ యాప్‌లో ఆటోపే (డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) జాబితా కూడా ఓసారి చూడండి.

రీఛార్జ్‌తోనో ఇంటర్నెట్ ప్యాక్‌తోనో కలిపి వచ్చిన ఓటీటీకి మాత్రం ఇది పనిచేయదు. ప్యాక్ మార్చుకోవాల్సిందే.